ఇరవై ఎనిమిది ఖాళీ గడులు

ఈ రోజు సాయంత్రం బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే నోటుపుస్తకం తగిలింది. ఒకటో తరగతి చదివే నా కూతురిది. అట్ట నిండా బియ్యప్పొడి. తెరిచి చూస్తే మధ్యలో ఒక కాగితం లేదు. చింపిన చోట సన్నని పీలికలు కుట్టును పట్టుకుని వేలాడుతున్నాయి. ఆ కాగితం మీద ఏముండేదో, ఎందుకు చింపిందో తెలియదు. పిల్ల వాకిట్లో ఆడుకుంటోంది. పిలవబోయి ఆగిపోయాను. నేను పిలిస్తే అది ఏ ముఖంతో వస్తుందో నాకు తెలుసు. అదే ముఖంతో నేను ఒక సాయంత్రం మగ్గం పక్కన నిలబడి ఉన్నాను.

ఇప్పుడు అందరూ పడుకున్నారు. నాకు నిద్ర రాక ఇది రాస్తున్నాను.

అప్పుడు మేము గద్వాలలో ఉండేవాళ్లం. నాయిన గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. అమ్మ, నేను రాట్నం మీద నూలు కండెలు చుట్టేవాళ్లం. నేను తొమ్మిదో తరగతి. మా సాంఘికశాస్త్రం సారు వారంలో నాలుగు రోజులు చరిత్ర, రెండు రోజులు భూగోళం చెప్పేవారు. భూగోళం ఉన్న రోజు నాకు పొద్దున అన్నం సయించేది.

చరిత్ర క్లాసు ఎప్పుడూ ఒకే తీరుగా నడిచేది. సారు రాగానే నల్లబల్లను నిలువు గీతతో రెండుగా చేసేవారు. ఎడమ పక్క తరగతి పని, కుడి పక్క ఇంటి పని. ఎడమ పక్క ఐదు ప్రశ్నలు, జవాబులు ఆయనే చెప్పేవారు, మేము రాసుకునేవాళ్లం. కుడి పక్క ఐదు ప్రశ్నలకు జవాబులు మేము ఇంట్లో రాసుకురావాలి. నలభై రెండు మందిమి, ఒక్కరం కూడా దగ్గేవాళ్లం కాదు. రాయడం నాకు భయం కాదు. మర్నాటి సంగతే భయం. లీడరు అమ్మాయి పుస్తకాలన్నీ పోగు చేసి బల్ల మీద పెట్టేది. సారు పైనుంచి తీసేవారు కాదు. మొక్కజొన్న కుప్పలోంచి కంకి లాగినట్టు మధ్యలోంచి ఒకటి లాగేవారు. పుస్తకం ఎవరిదైతే వాళ్లు లేవాలి. అందులో రాసిన దాంట్లోంచే ఏదో ఒకటి జరిగిన సంవత్సరం అడిగేవారు. చెప్పలేకపోతే చెయ్యి చాపాలి.

ఆయన కర్ర మా బడిలో ఉన్న భారతదేశ పటానికి అడుగున ఉండాల్సిన కర్ర. ఎప్పుడో ఊడిపోతే తీసి దగ్గర పెట్టుకున్నారట. ఆ కర్ర లేక పటం కింది అంచు పైకి చుట్టుకుపోయి ఉండేది. పదో తరగతి దాకా నేను ఆ గోడ మీద కన్యాకుమారిని చూడలేదు.

సంవత్సరాలన్నీ నాకు ఇంట్లో వచ్చేవి. రాట్నం తిప్పుతూ చదివేదాన్ని, ఒక చుట్టుకు ఒక సంవత్సరం. బడిలో ఆయన చెయ్యి పుస్తకాల కుప్ప మీద పడగానే అన్నీ పోయేవి. చెవుల్లో రాట్నం చప్పుడు ఒక్కటే మిగిలేది.

అయినా బడి మానాలని ఒక్కసారి కూడా అనుకోలేదు. బడి మానేస్తే ఏమవుతుందో మా వాడలో ఇంటింటా కనిపిస్తూనే ఉండేది. నాతో ఐదో తరగతి చదివినవాళ్లలో ముగ్గురు అప్పటికే పొద్దంతా రాట్నం దగ్గర కూర్చునేవాళ్లు. మా అవ్వ, అంటే నాయిన తల్లి, నేను తొమ్మిదిలోకి రాకముందు ఎండాకాలంలోనే మాట తీసింది.

"ఎనిమిది అయింది, సాలు. ఆడిపిల్లకు ఇంకెంత సదువు? నీ పెండ్లాం ఒక్కతే ఎన్ని కండెలు సుడ్తది?"

"మగ్గానికి అడ్డం రానంత దాక పోనీ అమ్మా," అన్నాడు నాయిన.

"అడ్డమొచ్చిన నాడు నేనే చెప్త. ఆ నాడు నువ్వు నోరు తెరవొద్దు."

నాయిన సరేనన్నాడు. ఆ ఒప్పందం మీదే నేను తొమ్మిదిలోకి వెళ్లాను. పొద్దున కండెలు చుట్టి, సాయంత్రం వచ్చి మళ్లీ చుట్టి, మధ్యలో బడి. ఏదైనా అడ్డమవుతుందేమోనని ఇంట్లో పిల్లిలా నడిచేదాన్ని.

ఆ సంవత్సరమే నాయిన తన సొంత అంచు గీస్తున్నాడు. అప్పటిదాకా ఆయన నేసినవన్నీ వేరే వాళ్లు గీసిన బొమ్మలే. నూలు, పట్టు ఇచ్చి చీరలు తీసుకునే షావుకారు ఒకనాడు, "నువ్వే ఒకటి గీసుకరా, మంచిగుంటే నీ మగ్గం మీదనే దింపుదాం" అన్నాడట. నాయిన ఒక గ్రాఫు కాగితం తెచ్చాడు. చీరల బొమ్మకు వాడే ఆ కాగితంలో గడులు బడి గ్రాఫు గడుల కంటే పెద్దవి. ఎదురెదురుగా రెండు హంసలను ఎర్ర సిరాతో గడి గడీ నింపుతూ గీశాడు. గడుల ఒక్కో వరుసకూ ఒక్కో అట్ట. వాడ చివర అట్టలు కొట్టే ఆయన ఉండేవాడు. ఆయన కాగితం చూసి అట్టలకు రంధ్రాలు కొట్టి, వాటిని దండగా కుట్టి ఇస్తాడు. ఆ దండ మగ్గం మీద తిరుగుతుంటే బొమ్మ మళ్లీ మళ్లీ చీర అంచులోకి దిగుతుంది.

నాయిన ఆ కాగితాన్ని రోజూ గోడకు మేకుకు తగిలించి, దూరం జరిగి, ఒక కన్ను మూసి చూసేవాడు. చెరిపేవాడు. మళ్లీ గీసేవాడు. నెల రోజులైనా తృప్తి పడలేదు. చివరికి ఒకనాడు హంసల పైన కావలసినంత ఖాళీ ఉంచి పైఅంచు కత్తెరతో కత్తిరించి, చుట్టచుట్టి, దారం కట్టి, మగ్గం పైన దూలం సందులో పెట్టాడు. అయిపోయిందని మాకు అలాగే తెలిసింది.

రెండు రోజుల తర్వాత సారు నల్లబల్ల కుడి పక్క ఒకే మాట రాశారు. కాలరేఖ.

"గ్రాఫు కాగితం మీద వెయ్యాలె. నిలువుగ, నిచ్చెన లెక్క. గడికి యాభై ఏండ్లు. క్రీస్తు శకం మొదలు వెట్టి పద్నాలుగు వందల ఏండ్లు. ఎన్ని గడులైతయి?"

సారే వేళ్ల మీద లెక్కవేశారు.

"ఇరవై ఎనిమిది. ఒకటి తక్కువొద్దు, ఒకటి ఎక్కువొద్దు. ఏ వంశం ఏ గడిల వస్తదో పక్కన రాయాలె. కత్తిరించి ఇంటి పని పుస్తకంల అంటుపెట్టాలె. రేపటికి."

ఇంటికి రాగానే కండెలు చుట్టక తప్పలేదు. అవి అయ్యాక దుకాణానికి పరుగెత్తితే దుకాణపాయన చేతులు తిప్పాడు. "మీ బడి పోరిలే వచ్చి ఊడ్చుకపోయిన్రు. సోమారం వస్తయి."

సారు అడిగింది రేపటికి. తిరిగి వస్తూ దారిలో నా అరచేతులు చూసుకున్నది ఇప్పటికీ గుర్తుంది.

ఇంట్లో ఎవరూ లేరు. నాయిన నూలుకు రంగు అద్దే చోటికి పోయాడు. అమ్మ నీళ్లకు, అవ్వ పక్కింటికి. స్టూలు ఎక్కి దూలం సందులోంచి ఆ చుట్ట తీశాను. కాగితం కింది సగంలో హంసలు. వాటి తలల పైన అంతా ఖాళీ గడులు. ఖాళీవే కదా, బొమ్మను ముట్టుకోవడం లేదు కదా అనుకున్నాను. అట్టలకు ఖాళీ గడి కూడా లెక్కేనని నాకు తెలియక కాదు. మగ్గం ఇంట్లో పుట్టిన ఏ పిల్లకైనా అది తెలుసు. ఆ క్షణంలో నా కళ్ల ముందు పటం కర్ర ఒక్కటే ఉంది.

అమ్మ దారాలు కత్తిరించే కత్తెరతో హంసల తలల మీదుగా సూటిగా కత్తిరించాను. ఆ ముక్క పైఅంచు దూలానికి ఒరుసుకుని కొంచెం నలిగింది. సారుకు నలిగిన కాగితం గిట్టదు. ఆ నలిగిన వరకు కత్తిరించి పొయ్యిలో పడేశాను. మిగిలిన గడులు లెక్కపెడితే సరిగ్గా ఇరవై ఎనిమిది. దేవుడే ఇచ్చాడనుకున్నాను. వెడల్పు ఎక్కువైన చోట మడిచి, అన్నం మెతుకులతో పుస్తకంలో అంటించాను. చుట్టను మళ్లీ అదే దారంతో కట్టి సందులో పెట్టాను.

మర్నాడు సారు కుప్పలోంచి లాగిన మొదటి పుస్తకం నా పక్కన కూర్చునే అమ్మాయిది. అది లేచి నిలబడింది. దాని లంగా అంచు నా మోకాలికి తగులుతోంది.

"ఇదేందే? ఇరవై ఒక్క గడే ఉన్నయి."

"ఖాళీవి తీసేసిన సార్. వాటిల రాసేది ఏం లేకుండె."

"తీసేసి ఏడ పెట్టినవ్? సంచిలనా?"

వెనక బెంచీలో ఎవరో నవ్వారు.

"ఏడు గడులు. మూడొందల యాభై ఏండ్లు. అన్నేండ్లు వానలు పడలేదా? ఎవరు జొన్నలు ఏయలేదా? మీ తాతకు తాత పుట్టలేదా?"

"పుట్టిండు సార్."

"మరి ఆయన్ను యాడ కూసోవెట్టినవ్? శాతవాహనుల ఒళ్లెనా?"

ఈసారి క్లాసంతా నవ్వింది. నిలబడ్డ అమ్మాయి కూడా నవ్వబోయింది. సారు కర్ర తీసుకున్నారు.

"మనకు తెల్వదంటే గడి ఖాళీ ఉంచాలె. తీసేయొద్దు. తీసేస్తే ఎన్కటోళ్లు పోయి ముంగటోళ్ల మీద పడ్తరు. చాపు."

రెండు దెబ్బలు. ఆ చప్పుడు నాకు వినపడలేదు. ఒకరి మీద ఒకరు పడే మనుషులకు బదులు నాకు హంసలు కనిపించాయి. ఒక హంస తల మీద ఇంకో హంస కాళ్లు, దాని తల మీద ఇంకోటి, చీర పొడుగునా.

అప్పుడు సారు తీసిన రెండో పుస్తకం నాది. లేచాను. ఆయన పేజీ తిప్పి చూసి ఏమీ అడగలేదు. పుస్తకం ఎత్తి అందరికీ చూపించారు.

"చూడుండ్రి. ఇరవై ఎనిమిది. గడులు ఎంత పెద్దగున్నయి, ఎంత సాఫ్‌గున్నయి. ఏ దుకాణంల తెచ్చినవే?"

"ఇంట్ల ఉండె సార్."

"మంచిది. తనిఖీకి వచ్చే సార్లకు ఇదే చూపిద్దాం." అని దాన్ని విడిగా తీసి, బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. సాయంత్రం గంట కొట్టాక సార్ల గది గుమ్మం దాకా వెళ్లాను. పుస్తకం ఇస్తే ఆ ముక్క ఊడదీసి నాయిన కాగితానికి మళ్లీ అంటిస్తానని, ఎలాగో చెబుదామని. సారు తల ఎత్తి "ఏంది?" అన్నారు. నా నోట్లోంచి "ఏం లేదు సార్" అని వచ్చింది. ఇంటికి వచ్చేశాను.

నేను వెళ్లేసరికే నాయిన దూలం సందులోంచి చుట్ట తీసి ఉన్నాడు. మర్నాడు అట్టలు కొట్టే ఆయనకు ఇవ్వాలట, చివరిసారి చూసుకుందామని గోడకు తగిలించాడు. అమ్మ రాట్నం దగ్గర ఉంది. అవ్వ గుమ్మంలో కూర్చుని చిక్కుపడ్డ దారం విడదీస్తోంది. నేను సంచి భుజాన ఉండగానే మగ్గం పక్కన నిలబడిపోయాను.

నాయిన దూరం జరిగి, ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత కాగితం మేకు నుంచి తీసి చేత పట్టుకున్నాడు.

"మీద ఖాళీ ఏది?" అన్నాడు. ఎవరినీ చూడలేదు.

"ఏం ఖాళీ?" అంది అమ్మ.

"హంసల మీద విడిచిన ఖాళీ. అది లేకుంటే అట్టలు మళ్ల మొదటికి తిరిగినప్పుడు నెత్తి మీదనే కాళ్లు వడ్తయి."

"ఎలకలు కొట్టినయేమో," అంది అమ్మ.

అవ్వ కాగితం అందుకుని అంచును వేలితో తడిమింది. "ఎలక కొడితే గింత సూటిగ ఉంటదా? ఇది కత్తెర. ఎవరు ముట్టిన్రు దీన్ని?"

అమ్మ రాట్నం తిప్పుతూనే ఉంది.

"ఎన్ని గడులు విడిచినవో అన్ని మళ్ల గీసుకో," అంది అమ్మ.

"ఎన్నో యాదికుంటే కద. రాసుకోలేదు. కాగితం మీదనే ఉండె, ఇంక రాసుకునుడెందుకు? నెల దినాలు సూసి సూసి విడిచిన." నాయిన గొంతు ఎప్పటిలాగే మెల్లగా ఉంది. కాగితం కోసం చాపిన చెయ్యి మాత్రం కిందికి దిగిపోయింది.

ఆ లెక్క ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. అదీ పూర్తిగా తెలియదు. పుస్తకంలో ఇరవై ఎనిమిది. పొయ్యిలో పడేసినవి ఎన్ని? రెండా, మూడా, నాలుగా? లెక్కపెట్టలేదు. చెప్తే నేనే కత్తిరించానని తెలిసిపోతుంది, బడి మగ్గానికి అడ్డం వచ్చినట్టే. చెప్పకపోతే నాయిన బొమ్మ పోతుంది. అవ్వ నా వైపు తిరుగుతోంది. నేను చెప్పాలని నిర్ణయించుకున్నట్టు గుర్తు లేదు.

"ఇరవై ఎనిమిది," అన్నాను.

రాట్నం ఆగింది. నాయిన నా వైపు చూశాడు. నా ముఖం, భుజాన సంచి, మళ్లీ ముఖం.

"ఏమంటుందిరా పిల్ల?" అంది అవ్వ.

"గడులు," అన్నాడు నాయిన. "మొన్న నేనే లెక్కవెట్టుమన్న. మర్చిపోయిన. యాదికుంచుకుంది."

"మరి కత్తిరించిందెవరు?"

"నేనే అయ్యుంట. రంగు వడిందని తీసేసిన్నేమో."

"నీకేం యాదికుంటది? అన్నం తిన్నవో లేదో నేను చెప్పాలె నీకు." అవ్వ కాగితం తిరిగి ఇచ్చేసింది. తర్వాత, చిక్కు దారం మీదకు వంగుతూ, "సదువుకున్న పిల్ల ఇంట్ల ఉంటే గిట్ల ఒకందుకన్న అక్కెరకొస్తది" అంది.

ఆ రోజు తర్వాత అవ్వ నా బడి మాట మళ్లీ ఎత్తలేదు. వచ్చిపోయే వాళ్లతో కూడా చెప్పేది, మా పిల్లకు లెక్కలు బాగా యాదికుంటయి అని. అలా అన్నప్పుడల్లా నేను కండెల బుట్ట తీసుకుని లోపలికి వెళ్లిపోయేదాన్ని. ఆమె మెచ్చుకునే ఆ లెక్క తప్పు. నేను బడిలో ఉన్నది ఆ తప్పు లెక్క మీదే.

నాయిన కొత్త ముక్క అంటించి ఇరవై ఎనిమిది వరుసలు గీసుకున్నాడు. అట్టలు వచ్చాయి. కొత్త చీర ఎక్కించిన రోజు బడికి ఆలస్యమైనా కదలలేదు. మొదటి హంసల జత దిగింది. ఖాళీ దిగింది. రెండో జత కాళ్లు మొదలయ్యాయి. ఒకదాని మీద ఒకటి పడలేదు. నాయిన రెండింటి మధ్య బొటనవేలు పెట్టి చూశాడు.

"జర దగ్గరైనయి," అన్నాడు. "నా యాదిల ఇంక ఒక నువ్వుగింజంత జాగ ఉండె."

నేను అప్పుడు చెప్పి ఉండొచ్చు. పొయ్యిలో కొన్ని పడ్డాయి నాయినా అని. అమ్మ వెనకే ఉంది, అవ్వ గుమ్మంలో ఉంది. కండెల బుట్ట అందించి బడికి వెళ్లిపోయాను. నాయిన ఇంకేమీ అనకుండా నేశాడు. షావుకారు చీర తీసుకుని, అదే బొమ్మ ఇంకో రెండు మగ్గాలకు కూడా ఇచ్చాడు. అందరూ బాగుందన్నారు. నాయిన కూడా బాగుందనే అన్నాడు. కొత్త చీర ఎక్కించినప్పుడల్లా మొదటి రెండు జతల మధ్య బొటనవేలు పెట్టి చూడటం మాత్రం మానలేదు.

తనిఖీ అయ్యాక సారు పుస్తకం తిరిగి ఇచ్చారు. ఆ పేజీలో గడులు మళ్లీ లెక్కపెట్టాను. బీరువాలో ఉండగా పెరుగుతాయన్నట్టు. ఇరవై ఎనిమిదే.

తర్వాత వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు చరిత్ర లేని గ్రూపు వెతుక్కుని చేరాను. అక్కడ ఒక లెక్చరర్ మేడం మా హంసల చీర కట్టుకుని వచ్చేది. ఆమె పాఠం చెబుతుంటే నేను కుచ్చిళ్ల దగ్గర అంచు చూస్తూ కూర్చునేదాన్ని. జర దగ్గరైనయి.

ఇంతకాలం నాయిన ఆ సాయంత్రం నన్ను కాపాడాడని మాత్రమే అనుకునేదాన్ని. ఇవాళ పిల్ల పుస్తకం చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు ఇంకోటి తోచింది. ఇంట్లో గ్రాఫు కాగితం అవసరం ఉన్నది ఒక్కరికే. కాగితం గోడకు తగిలించగానే ఆయనకు తెలిసి ఉంటుంది. అయినా ఎవరినీ చూడకుండా, గోడను అడిగినట్టు అడిగాడు. అడిగి ఆగాడు. బొటనవేలు పెట్టి చూసిన ప్రతిసారీ కూడా అలాగే ఆగాడేమో. ఆ మిగిలిన గడుల మాట నేను ఆయనకు ఇంకా చెప్పలేదు. రెండో, మూడో, నాలుగో. ఇక్కడ రాయడమే మొదటిసారి.

పిల్లను ఏమీ అడగలేదు. పుస్తకాన్ని మళ్లీ బియ్యంలో, అది పెట్టినంత లోతులోనే పెట్టి, పైన చదును చేశాను. పిల్ల బడిలో ఏ టీచరు చేతిలో ఏముందో, దాని అరచేతులు ఎలా ఉన్నాయో చూడాలని రాత్రి అన్నం తినిపించేటప్పుడు రెండు చేతులూ తిప్పి చూశాను. ఏమీ లేదు. అది నా చేతుల్లోంచి వేళ్లు లాక్కుని, "ఎందుకమ్మా?" అంది. "ఏం లేదు" అన్నాను. నా గొంతు నాకే సార్ల గది గుమ్మంలో విన్నట్టు అనిపించింది.

రేపు బడికి దానికి పుస్తకం కావాలి. పొద్దున్నే నేను డబ్బా తెరిస్తే అది చూసి బెదురుతుందని, రేపటికి కావలసిన బియ్యం ఇప్పుడే గిన్నెలోకి తీసి మూత పెట్టాను. డబ్బా వంటింట్లో దాని చేతికి అందేచోటే ఉంది.